కెడిల్‌స్టన్ హాల్: ముందు నుంచి ఒక ఇల్లు, వెనక నుంచి ఇంకో ఇల్లు. ఎందుకలా?

నాగమణి_నాటింగ్‌హామ్

అందరికీ నమస్కారం. మేముండేది నాటింగ్‌హామ్‌లో. పక్కనే ఉన్న డెర్బీషైర్‌లో కెడిల్‌స్టన్ హాల్ చూడ్డానికి ఇంటిల్లిపాదీ వెళ్లొచ్చాం. ఇంగ్లండ్ పల్లెల్లో జమీందార్లు కట్టుకున్న ఇలాంటి పెద్ద భవంతులు చాలానే చూశాను కానీ, ఇంటికొచ్చాక కూడా నన్ను వదలనిది ఇదొక్కటే.

ఉత్తరం వైపు నుంచి వెళ్తే ఎదురుగా ఆరు ఎత్తైన స్తంభాల పోర్టికో, అంటే వాకిలి ముందు మంటపం. దానికి రెండు పక్కలా వంపు తిరిగిన కారిడార్లు, వాటి చివర రెండు విడి భవనాలు. చాలా గంభీరంగా, కాస్త బిగుసుకుని నిలబడినట్టు ఉంది. అదే ఇంటిని చుట్టి దక్షిణం వైపు వెళ్తే పోలికే లేదు. రోమ్ ఫొటోల్లో కనిపించే విజయ తోరణం లాంటిది గోడకి అతికినట్టు ఉంది. పైన గోపురం, ముందు వంపు తిరిగిన మెట్లు. ఈ వైపు విడి భవనాలు అసలు లేనే లేవు.

నా సందేహాలు: ఇది ఒక్కరే కట్టారా? ముందు వైపు రెండు వింగులు (ఆ విడి భవనాలు) ఉన్నప్పుడు వెనక ఎందుకు లేవు? ముందున్న పెద్ద హాల్‌లో ఒక్క కిటికీ కూడా కనపడలేదు, ఎందుకు? తెలిసినవాళ్లు తీరిగ్గా చెప్తే వింటాను.

రాతిగోడ

నాగమణి గారూ, మీరు సరిగ్గా అసలు చోటే పట్టుకున్నారు. ఆ ఇల్లు ముగ్గురు ఆర్కిటెక్టుల చేతులు మారింది. మీరు చూసిన రెండు ముఖాలు ఇద్దరు వేర్వేరు మనుషులవి.

1758లో తండ్రి చనిపోయాక ఎస్టేటు సర్ నథానియల్ కర్జన్ చేతికొచ్చింది. అప్పటికి అక్కడ 1700 ప్రాంతంలో కట్టిన ఎర్ర ఇటుకల ఇల్లు ఉంది. పాడుబడిన ఇల్లేం కాదు, కట్టి అరవై ఏళ్లు. కానీ ఈయనకి బొమ్మలు, శిల్పాలు అంటే ప్రాణం. తన దగ్గరున్న చిత్రాలకి తగిన ఇల్లు కావాలనుకున్నాడు. పాతది పడగొట్టించి కొత్త పని మొదలెట్టాడు.

మొదట పిలిచింది మాథ్యూ బ్రెటింగ్‌హామ్‌ని. ఆయన అంతకుముందు నార్‌ఫోక్‌లో హోల్కమ్ హాల్ కట్టే పని దగ్గరుండి చూసినవాడు. హోల్కమ్‌లో మధ్య భవనానికి నాలుగు మూలలా నాలుగు వింగులుంటాయి. ఇటలీ ఆర్కిటెక్ట్ పల్లాడియో గీసి, కట్టకుండా మిగిలిపోయిన విల్లా మొచెనీగో ప్లాన్ కూడా అలాంటిదే: మధ్యలో పెద్ద ఇల్లు, వంపు కారిడార్లతో కలిపిన నాలుగు విడి భవనాలు. కెడిల్‌స్టన్‌కి అదే ఎంచుకున్నారు. బ్రెటింగ్‌హామ్ ఈశాన్యం మూల భవనం కట్టించాడు. కుటుంబం ఉండడానికి అది.

తర్వాత జేమ్స్ పేన్ వచ్చాడు. వాయువ్యం మూల వంటింటి భవనం, మీరు చూసిన ఉత్తరం ఎలివేషన్ (ఆ వైపు ముఖం) ఆయన చేతిలో రూపు దిద్దుకున్నాయి. ఇంతలో రాబర్ట్ ఆడమ్ అనే స్కాట్లండ్ కుర్రాడు ఇటలీలో రెండేళ్లకి పైగా ఉండి, రోమన్ శిథిలాలన్నీ కొలిచి బొమ్మలు గీసుకుని 1758లో లండన్ చేరాడు. కర్జన్‌కి తన డ్రాయింగులు చూపించాడు. మొదట్లో ఆయనకి అప్పగించింది పార్కులో కట్టే చిన్న చిన్న కట్టడాలే. 1760 కల్లా ఇల్లంతా ఆయన చేతికే వచ్చేసింది.

అప్పటికే ఉత్తరం వైపు పని బాగా ముందుకెళ్లింది కాబట్టి ఆడమ్ అక్కడ పెద్దగా మార్చలేదు. దక్షిణం వైపు మాత్రం పూర్తిగా ఆయనదే. పేన్ గీసిన ప్లాన్‌లో ఆ వైపు గుండ్రటి గది గోడ దాటి బయటికి పొడుచుకొచ్చి, దాని చుట్టూ స్తంభాలు ఉంటాయి. ఆడమ్ ఆ గదిని ఇంటి లోపలికి లాగేసి, బయట రోమ్‌లోని కాన్‌స్టంటైన్ తోరణాన్ని తలపించే ముఖం పెట్టాడు. నాలుగు స్తంభాలు గోడ నుంచి ముందుకి వస్తాయి, వాటి నెత్తిన విగ్రహాలు, వెనక తక్కువ ఎత్తు గోపురం, కింద వంపు మెట్లు. ఒక చోట ముందుకి, ఒక చోట లోపలికి, ఒక చోట పైకి. భవనం ముఖంలో కదలిక ఉండాలని ఆడమ్ తర్వాత 1773లో రాసుకున్నాడు కూడా. ఆ మాట ఆయన కట్టడాల్లో ఇంత స్పష్టంగా కనిపించే చోటు ఇంకొకటి లేదని నా నమ్మకం.

దక్షిణం వైపు రావాల్సిన రెండు వింగులూ కాగితం మీదే ఉండిపోయాయి. ఆ ముఖం అలా ఒంటరిగా నిలబడింది అందుకే. నాలుగు వింగుల ఇల్లు రెండింటితో ఆగిపోయింది.

సివిల్_సుధాకర్

కిటికీల సంగతి నేను చెప్తాను, ఎందుకంటే ఆ హాల్ నాకు చాలా ఇష్టం.

దాన్ని మార్బుల్ హాల్ అంటారు. పాత రోమన్ ఇళ్లలో వాకిలి దాటగానే పైకప్పు తెరిచి ఉన్న మండువా లాంటి చోటు ఉండేది. దాన్ని ఆడమ్ ఇంగ్లండ్ చలికి తగ్గట్టు మూసేసి, పైన స్కైలైట్లు, అంటే కప్పులో గాజు కిటికీలు పెట్టాడు. వెలుతురంతా పై నుంచే. గోడల్లో కిటికీలుంటే ఒక పక్క స్తంభాలు మెరిసి ఇంకో పక్కవి నల్లగా కనిపిస్తాయి. పై నుంచి పడే వెలుగు అన్నింటి మీదా ఒకేలా జారుతుంది. బయట పోర్టికోలో నిలబడి వెనక గోడ చూడండి. కిటికీల బదులు గూళ్లు, వాటిలో విగ్రహాలు. లోపల కిటికీ లేదన్న సంగతి బయటి గోడే చెప్తుంది.

ఇక స్తంభాలు. మొత్తం ఇరవై. ఒక్కోటి సుమారు 25 అడుగులు. గులాబీ, గోధుమ రంగు చారలున్న అలబాస్టర్. పేరుకి మార్బుల్ హాల్ అయినా ఈ స్తంభాల్లో మార్బుల్ లేదు. నాగమణి గారూ, ఇది మీ జిల్లా రాయే, నాటింగ్‌హామ్‌షైర్ క్వారీలది. అలబాస్టర్ అంటే జిప్సం జాతి. చాలా మెత్తన, చెక్కడం తేలిక, పాలిష్ బాగా వస్తుంది. కానీ నీళ్లు తగిలితే మెల్లగా కరిగిపోతుంది. బయట వర్షంలో పెట్టే రాయి కానే కాదు. లోపల, కప్పు కింద, తేమ తగలని చోట మాత్రమే బతుకుతుంది. ఇంత పెద్ద పరిమాణంలో ఆ రాయిని వాడడం అంటే మామూలు తెగింపు కాదు.

ఇంకో విషయం వింటే మీకు వణుకొస్తుంది. స్తంభాల మీద నిలువు గాళ్లు (కింద నుంచి పై దాకా చెక్కిన గాడులు) ఉన్నాయి కదా, అవి మొదట్లో లేవు. స్తంభాలు నున్నగా నిలబెట్టారు. తర్వాత 1770లలో, నిలబడి ఉన్న స్తంభాల మీదే ఆ గాళ్లు చెక్కారు. మెత్తటి రాయి, పైన కప్పు బరువు, ఒక్క గాడి వంకర పోతే కళ్లకి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఇరవై స్తంభాలూ అలా చెక్కిన ఆ రాతి పనివాళ్ల చేతికి దండం పెట్టాలి. ఈసారి వెళ్తే ఒక స్తంభం దగ్గర నిలబడి కింద నుంచి పైకి ఒక్క గాడి వెంబడి కన్ను పోనివ్వండి. రాయి చారలు అడ్డంగా, ఏటవాలుగా పోతుంటాయి, గాడి మాత్రం వాటి మధ్య నుంచి నిటారుగా వెళ్తుంది.

నాగమణి_నాటింగ్‌హామ్

సుధాకర్ గారూ, మా జిల్లా రాయి అని తెలీదు! మా పాప ఆ స్తంభాన్ని చూసి రంగు వేశారా అని అడిగింది. రాతిగోడ గారికి చాలా థాంక్స్.

మరి హాల్ దాటగానే వచ్చే గుండ్రటి గది? తల ఎత్తి చూస్తే కళ్లు తిరిగాయి.

రాతిగోడ

దాన్ని సెలూన్ అంటారు, క్షౌరశాల కాదు, అతిథుల కోసం ఉంచిన పెద్ద గది. 42 అడుగుల వ్యాసం, నేల నుంచి గోపురం పైభాగానికి 62 అడుగులు. రోమ్‌లో పాంథియన్ అనే పాత గోపురం గుడిని ఇంటి లోపల కట్టినట్టే. పై నుంచి వెలుతురు దిగే గుండ్రటి గాజు, కింద గూళ్లు చెక్కిన కప్పు, గోడల్లో నాలుగు పెద్ద గూళ్లు. ఆ గూళ్లలో పాతకాలం కలశాలు పెట్టిన పీఠాల్లా కనిపించేవి చూశారా? అవి స్టవ్‌లు. అంత ఎత్తు గదిని వెచ్చగా ఉంచడానికి పెట్టిన ఇనుప పొయ్యిలకి పూజా పీఠం వేషం వేశాడు ఆడమ్. తలుపు గొళ్లెం దగ్గర్నుంచి కార్పెట్ డిజైన్ దాకా ఆయన పట్టించుకోని వస్తువు లేదు.

పేన్ ప్లాన్‌కీ ఆడమ్ ప్లాన్‌కీ అసలు తేడా ఇక్కడే ఉంది. పేన్ ఈ హాల్‌కీ గుండ్రటి గదికీ మధ్య పెద్ద మెట్లు పెట్టాడు. ఆడమ్ ఆ మెట్లు తీసేశాడు. స్తంభాల హాల్‌లోంచి తలుపు తీస్తే నేరుగా గోపురం కిందకి వస్తారు. పొడుగ్గా ఉన్న గది, వెంటనే గుండ్రటి గది. మీకు కళ్లు తిరిగాయంటే అది ఆయన అనుకున్నట్టే జరిగింది.

వంటిల్లు_వరలక్ష్మి

నాకు ఇందాకట్నుంచి ఒకటే అనుమానం. వంటిల్లు వాయువ్యం మూల విడి భవనంలో అన్నారు. భోజనాల గది మధ్య భవనంలో ఉంది. మరి అన్నం, కూర చల్లారిపోవా? ఆ చలిదేశంలో అంత దూరం ఎవరు మోసేవాళ్లు?

సివిల్_సుధాకర్

వరలక్ష్మి గారూ, చల్లారేవే. ఆ వంపు కారిడార్ అందం కోసం మాత్రమే కాదు, గిన్నెలు మోసే దారి కూడా. వంటింటిని దూరం పెట్టడానికి రెండు కారణాలు: నిప్పు, వాసన. పెద్ద పొయ్యి అంటుకుంటే మధ్య భవనం, అందులోని చిత్రాలన్నీ పోతాయి. మాంసం కాల్చే వాసన చుట్టాల గదుల్లోకి రాకూడదు. అందుకే వంట ఒక మూల, కుటుంబం ఇంకో మూల, మధ్యలో చుట్టాలకి చూపించే గదులు. అయినా భోజనాల గదిని వంటిల్లున్న పడమర పక్కనే పెట్టారు, అంతమాత్రం ఆలోచన ఉంది.

ఆ వంటింట్లో పొయ్యి పైన పెద్ద అక్షరాలతో ఒక మాట చెక్కి ఉంటుంది. వృథా చేయకపోతే లోటు రాదు అని దాని అర్థం.

వంటిల్లు_వరలక్ష్మి

ఆ మాట మా అమ్మమ్మ చెప్పినట్టే ఉంది. కానీ ఇంత ఇల్లు కట్టించిన మనిషి వంటవాళ్లకి పొదుపు నేర్పడం నాకు మింగుడుపడలేదు. మరి ఆ మధ్య భవనంలో ఎవరు పడుకునేవాళ్లు?

రాతిగోడ

దాదాపు ఎవరూ కాదు. కుటుంబం కాపురమంతా ఈశాన్యం భవనంలోనే. మధ్యలో ఉన్నది గొప్ప అతిథులు వచ్చినప్పుడు తెరిచే గదులు. తాటిచెట్ల ఆకారంలో బంగారు పూత వేసిన స్తంభాలున్న మంచం ఒకటుంది అక్కడ. జలకన్యలు చెక్కిన పెద్ద సోఫాలున్నాయి, జాన్ లిన్నెల్ అనే ఫర్నిచర్ పనివాడు చేసినవి. కాపురానికి చేసిన సామాను కాదది.

నిజానికి ఈ ఇంటిని చూపించడానికే కట్టారు. నా దృష్టిలో దీని చరిత్రలో ముఖ్యమైన మాట ఇదే. మర్యాదగా వచ్చిన యాత్రికులని మొదట్నుంచీ లోపలికి రానిచ్చేవాళ్లు. 1769లోనే బొమ్మలు, విగ్రహాల జాబితా అచ్చువేశారు. ఇల్లు చూసుకునే మిసెస్ గార్నెట్ అనే ఆవిడ దశాబ్దాల పాటు యాత్రికులకి ఆ గదులన్నీ తిప్పి చూపించింది. ఆ జాబితా చేత్తో పట్టుకున్న ఆవిడ చిత్రం ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. యజమానుల చిత్రాలు ఏ ఇంట్లోనైనా ఉంటాయి. పనిచేసినావిడకి ఒక చిత్రం, పేరుతో సహా మిగలడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

1777లో, ఇంగ్లిష్ నిఘంటువు రాసిన రచయిత శామ్యూల్ జాన్సన్ వచ్చి చూసి పెదవి విరిచాడు. ఇది టౌన్‌హాల్‌కి బాగా పనికొస్తుంది, స్తంభాల గదిలో జడ్జీలు కూర్చోవచ్చు, గుండ్రటి గదిలో జ్యూరీ, పై గదిలో ఖైదీలని పెట్టుకోవచ్చు అన్నాడు.

గోదారి_బుల్లోడు

ఇదంతా బాగానే ఉంది కానీ అసలు ప్రశ్న ఎవరూ అడగరేం? ఈ డబ్బు ఎక్కడిది? కర్జన్ అంటే మన వైస్రాయ్ కర్జన్ వంశమేగా? ఇండియా సొమ్ముతో కట్టిన ఇల్లే కదా ఇది? ఇంకోటి, అంత పార్కు, చెరువులు, మధ్యలో ఇల్లు, పక్కన ఒంటరిగా ఒక చర్చి. చర్చి ఉందంటే ఊరు ఉండాలి కదా. ఊరేదీ?

రాతిగోడ

బుల్లోడు గారూ, రెండూ సరైన ప్రశ్నలే.

ముందు డబ్బు. వంశం అదే. కానీ ఇల్లు కట్టిన కాలం, వైస్రాయ్ కాలం వేరు. కర్జన్లు 12వ శతాబ్దం నుంచి ఆ చోట భూస్వాములు. ఇంటికి పెట్టింది ఎస్టేటు డబ్బు, అంటే కౌళ్లు. 1759లో పని మొదలైనప్పుడు ఈస్టిండియా కంపెనీ సొమ్ముతో ఈ కుటుంబం పెరగలేదు. కంపెనీలో సంపాదించి వచ్చి ఇంగ్లండ్‌లో బంగళాలు కట్టినవాళ్లు ఉన్నారు, క్లైవ్‌తో సహా. వాళ్లని, వీళ్లని ఒకే గాటన కట్టకూడదు. కెడిల్‌స్టన్‌కి ఇండియాతో సంబంధం తర్వాత వచ్చింది, అది కూడా రెండుసార్లు.

ఇక ఊరు. మీ అనుమానం నిజమే. పాత కెడిల్‌స్టన్ ఊరు ఆ ఇంటి పక్కనే ఉండేది. కొత్త ఇంటి ముందు చూపు ఆనేంత మేరా పచ్చిక కావాలని ఊరిని అక్కడ్నుంచి తరలించారు. డెర్బీ వెళ్లే రోడ్డుని దూరంగా మళ్లించారు. చిన్న వాగుని అడ్డగట్టి చెరువుల్లా చేశారు. మిగిలింది ఆల్ సెయింట్స్ చర్చి ఒక్కటే. అందులో కర్జన్ల సమాధులు తరతరాలుగా ఉన్నాయి, దాన్ని కదపలేదు.

గోదారి_బుల్లోడు

అంటే చచ్చిపోయిన కర్జన్లకి చోటుంది, బతికున్న ఊరికి లేదు. ఆర్కిటెక్చర్ గొప్పతనం నేను కాదనను. ఆడమ్ గారి ప్లాన్ బొమ్మ పక్కన ఊరు లేపేసిన సంగతి కూడా అంతే పెద్దగా రాయాలంటాను. ఆ పచ్చిక కూడా డిజైన్‌లో భాగమే కదా. దాని ఖర్చు ఎవరి నెత్తిన పడిందో చెప్పకపోతే ఇంటి చరిత్ర సగమే.

సివిల్_సుధాకర్

బుల్లోడు అన్నా, నూటికి నూరు పాళ్లూ ఒప్పుకుంటా. మీరు చెప్పాక ఆలోచిస్తే, ఆ ఉత్తరం ఎలివేషన్‌కి అంత బలం రావడానికి సగం కారణం ముందున్న ఖాళీయే. వంతెన మీద నుంచి చూస్తే ఏ అడ్డూ ఉండదు. ఆ వంతెన కూడా ఆడమ్‌దే, 1770ల మొదట్లో కట్టింది, మూడు కమాన్లు. పక్కనే చేపలు పట్టుకునే చిన్న భవనం ఉంది. పై గదిలో కూర్చుని, ఎండ తగలకుండా, కిటికీలోంచే గాలం వేయొచ్చు. కింద చన్నీళ్ల స్నానపు తొట్టి, రెండు పక్కలా పడవలు పెట్టుకునే చోటు. ఊరి జనం తిరిగిన నేల మీద కట్టిన సరదా అది.

కొల్‌కతా_రమణ

నేను కొల్‌కతాలో స్థిరపడి చాలా కాలమైంది. ఇండియాతో సంబంధం రెండుసార్లు వచ్చిందని రాతిగోడ గారు అన్నారు, అందులో మొదటిది మా ఊరిదే, చెప్తాను.

కెడిల్‌స్టన్‌లో ఆడమ్ కింద సైట్ పనులు చూసిన వడ్రంగి శామ్యూల్ వయట్. తర్వాత ఆయన కూడా పేరున్న ఆర్కిటెక్ట్ అయ్యాడు. ఆయన అన్న కొడుకు చార్లెస్ వయట్ బెంగాల్ ఇంజనీర్స్‌లో ఆఫీసరు. 1799లో గవర్నర్ జనరల్ వెల్లెస్లీ కలకత్తాలో తనకి తగిన గవర్నమెంట్ హౌస్ కావాలన్నప్పుడు ఈ చార్లెస్ వయట్ ప్లాన్‌నే ఎంచుకున్నారు. 1803కి పూర్తయింది. మధ్యలో భవనం, నాలుగు మూలలా నాలుగు వింగులు, వంపు తిరిగిన కారిడార్లు. డెర్బీషైర్‌లో రెండింటి దగ్గర ఆగిపోయిన బొమ్మ కలకత్తాలో నాలుగు చేతులతో పూర్తయింది.

ఇక్కడ వాతావరణం సంగతి చూడండి. ఇంగ్లండ్‌లో ఆ వింగులు నిప్పుకి, వాసనకి భయపడి దూరంగా పెట్టినవి. బెంగాల్‌లో అదే ప్లాన్ గాలి కోసం పనికొచ్చింది. నాలుగు చేతులూ విడిగా ఉండడం వల్ల ఏ పక్క నుంచి గాలి వీచినా ఏదో ఒక గదికి తగులుతుంది. అందుకే వయట్ మూల ప్లాన్‌కి అంత కట్టుబడి ఉన్నా, రాయి బదులు ఇటుక, పైన సున్నం, చుట్టూ వరండాలు పెట్టాడు. దక్షిణం వైపు అర్ధచంద్రంలా బయటికి వచ్చిన స్తంభాల ముఖం, పైన గోపురం. రాతిగోడ గారు చెప్పిన పేన్ ప్లాన్ గుర్తొస్తోంది కదూ? పేన్ తన కెడిల్‌స్టన్ డ్రాయింగులు 1783లో అచ్చేశాడు. డెర్బీషైర్‌లో ఆడమ్ పక్కన పెట్టేసిన ఆలోచన ఇక్కడ గోడలెక్కింది.

ఇక్కడో విషయం. ఈ ఖర్చు చూసి లండన్‌లో కంపెనీ డైరెక్టర్లు మండిపడ్డారు. 1805లో వెల్లెస్లీ వెనక్కి వెళ్లిపోయాడు. భవనం ఉండిపోయింది. ఇప్పుడు అది రాష్ట్ర గవర్నర్ నివాసం.

సివిల్_సుధాకర్

రమణ గారూ, అద్భుతం. జాన్సన్ ఎద్దేవాగా అన్న మాట ముప్పై ఏళ్లలోపే నిజమైంది! కాపురానికి పనికిరాదు, సర్కారీ ఆఫీసుకి పనికొస్తుంది అన్నాడు. నిజంగానే సర్కారీ భవనమైంది. పెద్ద హాల్, జనం నిలబడే చోటు, చుట్టూ చిన్న గదులు, ఉండేవాళ్లు ఒక మూల, వంటవాళ్లు ఇంకో మూల. దర్బారుకి ఇంతకన్నా సరిపోయే ప్లాన్ లేదు. ఇంట్లో లోపం అనిపించినదే ఆఫీసులో సుగుణమైంది.

కోఠి_కవిత

మా కోఠి సంగతి ఎవరూ ఎత్తట్లేదేం? నేను కోఠి ఉమెన్స్ కాలేజీలో చదివాను. రెసిడెన్సీ భవనం ముందు మెట్ల దగ్గర సింహాల పక్కన కూర్చుని రికార్డులు రాసుకునేవాళ్లం. ఆరు స్తంభాలు, పైన త్రికోణం, దాంట్లో కంపెనీ చిహ్నం. నాగమణి గారు వర్ణించిన ఉత్తరం ముఖం చదువుతుంటే అచ్చం మా భవనమే అనిపించింది. హైదరాబాద్‌లో కొందరు ఇది కెడిల్‌స్టన్‌కి కాపీ అంటారు, కొందరు అమెరికా వైట్‌హౌస్‌లా ఉందంటారు. ఏది నిజం?

రాతిగోడ

కవిత గారూ, కాపీ అనడానికి లేదు. కోఠి రెసిడెన్సీ పని 1803లో, జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ రెసిడెంట్‌గా (నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధిగా) ఉన్నప్పుడు మొదలైంది. గీసింది మద్రాస్ ఇంజనీర్స్ ఆఫీసరు శామ్యూల్ రసెల్. ఆయన తండ్రి జాన్ రసెల్ లండన్‌లో పేరున్న చిత్రకారుడు. వయట్ కుటుంబానికి కెడిల్‌స్టన్‌తో ఉన్నట్టు రసెల్‌కి ఆ ఇంటితో చుట్టరికం లేదు. ఆరు కొరింథియన్ స్తంభాల (తల మీద ఆకులు చెక్కినవి) పోర్టికో, పైన త్రికోణం అనేవి ఆ రోజుల్లో ఇంగ్లిష్‌వాళ్లు గొప్పగా కట్టాలనుకున్న ప్రతి చోటా కనిపిస్తాయి. అచ్చు పుస్తకాల్లో ప్లాన్లు దొరికేవి, ఇంజనీరు ఆఫీసర్లు వాటిని చూసి గీసేవాళ్లు. వైట్‌హౌస్‌తో పోలిక కూడా అదే కుదురు నుంచి వచ్చింది.

కానీ కలకత్తాలో వెల్లెస్లీ భవనం తయారైన ఏడాదే హైదరాబాద్‌లో పని మొదలైందన్నది మర్చిపోవద్దు. గవర్నర్ జనరల్ అలా కడితే రెసిడెంటు చిన్నగా కడతాడా? అలా చూస్తే కెడిల్‌స్టన్ నుంచి కోఠికి దారి కలకత్తా మీదుగా వెళ్తుంది. అంతవరకే చెప్పగలం.

కోఠి_కవిత

ఇది బాగుంది. అయితే ఒక తేడా మాత్రం మా భవనానిదే. కెడిల్‌స్టన్ స్తంభాలు రాయి. కోఠివి ఇటుకతో కట్టి, పైన మన గచ్చు సున్నం నూరి, రుద్ది, మెరిసేలా చేసినవి. దూరం నుంచి పాలరాయి అనుకుంటారు. అలబాస్టర్ గాళ్లు చెక్కిన పనివాళ్లకి దండం పెట్టారు కదా సుధాకర్ గారూ, ఆ సున్నం రుద్దిన హైదరాబాదీ మేస్త్రీలకి కూడా ఒకటి పెట్టండి.

డబ్బు విషయంలో బుల్లోడు గారికి నచ్చే కథ ఒకటుంది. కిర్క్‌పాట్రిక్ స్థలం కోసం నిజాంకి ప్లాన్ పెద్ద కాగితం మీద గీయించి పట్టుకెళ్లాడట. నిజాం కుదరదన్నాడు. తర్వాత మంత్రి చెప్పాడట: ఆయనకి రాజ్యాల పటాలు చూడడమే అలవాటు, నీ కాగితం ఆయన రాజ్యం పటమంత ఉంది. అప్పుడు అదే ప్లాన్ చిన్న అట్టముక్క మీద గీసి తీసుకెళ్తే వెంటనే ఒప్పుకున్నాడని చెప్తారు. కట్టడానికి ఖర్చు కూడా నిజాం ఖజానా నుంచే. ఇప్పుడు అక్కడ చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం ఉంది. తెలంగాణ ఆడపిల్లలు చదువుకుంటున్నారు.

సివిల్_సుధాకర్

పెట్టాను కవిత గారూ, రెండు చేతులతో. ఇటుక స్తంభానికి అంత నునుపు తేవడం అలబాస్టర్ చెక్కడం కంటే తక్కువ పనేం కాదు.

గోదారి_బుల్లోడు

కథ నచ్చింది. మరి రెండోసారి ఇండియా సంబంధం? వైస్రాయ్ సంగతి మధ్యలో వదిలేశారు.

కొల్‌కతా_రమణ

జార్జ్ నథానియల్ కర్జన్ పుట్టింది 1859లో, కెడిల్‌స్టన్‌లోనే. 1899లో వైస్రాయ్‌గా వచ్చి దిగిన చోటు కలకత్తా గవర్నమెంట్ హౌస్. తన పుట్టింటి ప్లాన్ మీద కట్టిన ఇంట్లో ఆరేళ్లకి పైగా ఉన్నాడు. బెంగాల్‌ని రెండు ముక్కలు చేసిన 1905 నిర్ణయం ఆయనదే, మా ఊళ్లో ఆ పేరు ఎలా పలుకుతారో చెప్పక్కర్లేదు. 1904లో పాత కట్టడాల రక్షణ చట్టం తెచ్చిందీ ఆయనే. రెండూ ఒకే మనిషి చేశాడు, రెండూ చెప్పాలి.

నాగమణి_నాటింగ్‌హామ్

కింది అంతస్తులో ఇండియా, ఆసియా వస్తువుల మ్యూజియం చూశాం. ఏనుగు దంతం, వెండి, ఆయుధాలు. లేడీ కర్జన్ 1903 ఢిల్లీ దర్బారు సందర్భంగా వేసుకున్న నెమలి గౌను కూడా ఉంది. దాని మీద కుట్టినది మన దేశపు జరీ పని, నెమలి కన్నుల మధ్యలో మెరిసేవి పురుగుల రెక్కలు. మా పాప గౌను దగ్గరే నిలబడిపోయింది. నాకు మాత్రం దాని మీద కుట్టినవాళ్ల పేర్లు ఎక్కడైనా ఉంటాయేమో అని వెతకాలనిపించింది.

గోదారి_బుల్లోడు

అదీ మాట. ఇల్లు కౌళ్ల డబ్బుతో కట్టారని ఒప్పుకుంటాను. మ్యూజియం సామాను మాత్రం అధికారంలో ఉన్న మనిషికి వచ్చిన కానుకలు, ఆ హోదాలో ఉండి కొన్నవి. వాటిని ఆ హోదా నుంచి విడదీసి చూడలేం.

రాతిగోడ

విడదీయట్లేదు కూడా. 1987 నుంచి ఆ ఇల్లు, పాత కట్టడాలని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. 2020లో ఆ సంస్థ తన ఆస్తులకి వలస పాలనతో ఉన్న సంబంధాల మీద నివేదిక విడుదల చేసింది. అందులో కెడిల్‌స్టన్ కూడా ఉంది. దాని మీద బ్రిటన్‌లో పెద్ద గొడవే జరిగింది. నా ఉద్దేశం ఒకటే: గోడల చరిత్ర తేదీల వారీగా చూద్దాం. 1760లలో కట్టిన గోడలు ఇంగ్లండ్ కౌలు రైతుల కష్టం. కింది అంతస్తులో ఉన్నది ఇండియా కథ. రెండు రకాల బాకీలని ఒకదానిలో కలిపేస్తే రెండూ మరుగున పడతాయి.

నాగమణి_నాటింగ్‌హామ్

ఇంత చెప్పారు, అందరికీ కృతజ్ఞతలు. ఈ వేసవిలో మా అక్కావాళ్లు విజయవాడ నుంచి వస్తున్నారు, మళ్లీ వెళ్తాం. ఈసారి ఏ వరసలో చూడమంటారు?

రాతిగోడ

కారు దిగగానే ఇంట్లోకి వెళ్లకండి. ముందు వంతెన దగ్గర ఆగి ఉత్తరం ముఖం చూడండి, పక్కనే చేపల భవనం. తర్వాత చర్చి. దాని దక్షిణం తలుపు నార్మన్ కాలంది (11-12 శతాబ్దాలు), ఆ చోట అన్నింటికన్నా పాత కట్టడపు ముక్క అదే. లోపల వైస్రాయ్ తన భార్య మేరీ కోసం కట్టించిన చిన్న మందిరం, బాడ్లీ అనే ఆర్కిటెక్ట్ డిజైన్, ఇద్దరి పాలరాతి బొమ్మలు పక్కపక్కనే ఉంటాయి. అప్పుడు మార్బుల్ హాల్, సెలూన్, మిగతా గదులు. వంటిల్లు తెరిచి ఉంటే వదలొద్దు. కింది మ్యూజియం అయ్యాక బయటికొచ్చి దక్షిణం వైపు వెనక్కి వెనక్కి నడవండి. కట్టని రెండు వింగులు ఎక్కడ వచ్చేవో, మెట్లకి అటూ ఇటూ పచ్చిక మీద మీరే అంచనా వేసుకోవచ్చు.

సివిల్_సుధాకర్

మబ్బు లేని రోజు చూసుకుని, మధ్యాహ్నం హాల్‌లో ఉండేట్టు ప్లాన్ చేసుకోండి. ఎండ స్కైలైట్ల నుంచి దిగితేనే ఆ రాయి రంగు బయటపడుతుంది. లండన్ వెళ్లే పనుంటే సర్ జాన్ సోన్ మ్యూజియంలో ఆడమ్ డ్రాయింగులు వేలల్లో ఉన్నాయి. ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుంటే చూపిస్తారు.

వంటిల్లు_వరలక్ష్మి

నాగమణీ, ఈసారి వంటింటి నుంచి భోజనాల గదిదాకా ఎన్ని అడుగులో నడిచి లెక్కపెట్టి ఇక్కడ రాయమ్మా.